ఊ కొట్టని తండా

కొత్తగా ఆరోగ్య శాఖలో చేరిన మీ కోసం రాస్తున్నాను కాబట్టి ముందుగా నా పాత అలవాటు ఒకటి చెబుతాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నేను ఏ ఊళ్ళో ఏ కథ చెప్పినా ఆ సాయంత్రమే డైరీలో మూడు సంగతులు రాసేవాణ్ణి: ఎక్కడ చెప్పాను, ఎందరు కూర్చున్నారు, ఎవరెవరు ఊ కొట్టారు. మొదటి రెండూ శాఖ ఫారాల్లో ఉండేవి. మూడోది నా సొంతం. ఎదుటివాళ్ళు మర్యాద కోసం కూర్చోగలరు, తల ఊపగలరు, చప్పట్లు కొట్టగలరు. మనసు కథలో లేకపోతే ఊ మాత్రం కొట్టలేరు. కొట్టినా అది సమయానికి పడదు.

నా ఉద్యోగం హెల్త్ ఎడ్యుకేటర్. సూది వేసేది నర్సమ్మ. ఆ సూది దాకా జనాన్ని నడిపించుకు రావడం నా పని. ఇప్పుడు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు జిల్లాలు. అప్పుడు అన్నీ వరంగల్ జిల్లాలోనే ఉండేవి. బొమ్మల చార్టు సంచిలో వేసుకుని బస్సు పట్టుకుని తిరిగేవాణ్ణి. ప్రత్యేక రాష్ట్రం కోసం ఊరూరా దీక్షలు, బందులు నడుస్తున్న రోజులవి. బస్సు ఉంటుందో లేదో పొద్దున లేచి రోడ్డు చూస్తేగాని తెలిసేది కాదు.

తట్టు టీకా కోసం నేనొక కథ రాశాను. తట్టు రాక్షసి ఉంటుంది. ఒళ్ళంతా ఎర్రటి పొక్కులు, చింపిరి జుట్టు. పొలిమేర దాటి వచ్చి పిల్లల్ని ఎత్తుకుపోతూ ఉంటుంది. ఒక తెలివైన తల్లి బిడ్డకు ముందే టీకా వేయిస్తుంది. రాక్షసి ఆ బిడ్డను ముట్టుకోగానే చెయ్యి కాలుతుంది. ఊరి ఆడవాళ్ళంతా చీపుర్లు పట్టుకుని దాన్ని తన్ని తరిమేస్తారు. చివరి బొమ్మ అదే, చీపురు దెబ్బలు తింటున్న రాక్షసి. వరంగల్ పిలిపించి పైఅధికారులు మెచ్చుకున్నారు. ఆ రోజు డైరీలో ఒక పేజీ నిండా నన్ను నేను మెచ్చుకున్నాను. ఇప్పుడు చదివితే సిగ్గేస్తుంది.

జనగామ బజారులో కథ బ్రహ్మాండంగా నడిచింది. నేను ఆ బజారులోనే పెరిగినవాణ్ణి, మా నాన్నది ధాన్యం దుకాణం. చుట్టుపక్కల దుకాణాల ఇళ్ళలోని ఆడవాళ్ళు, కోడళ్ళు మిద్దెల మీద చేరి విన్నారు. రాక్షసి దెబ్బలు తినేచోట పిల్లలు లేచి గంతులేశారు. ఊ కొట్టినవారు అందరూ, అని రాసుకున్నాను. వాళ్ళ పిల్లలకు అప్పటికే డాక్టరు దగ్గర టీకాలన్నీ పడ్డాయన్న సంగతి మాత్రం రాయలేదు.

తరువాత నర్మెట్ట వైపు పల్లెలకు పోయాను. అక్కడ జనం కూర్చున్నారు, విన్నారు, ఊ మాత్రం అక్కడొకటి ఇక్కడొకటి. కథ అయ్యాక ఒక పెద్దమనిషి చుట్ట ఆర్పి అడిగాడు.

"మీ రాక్షసి ఏ జిల్లాది సారూ? మాట సూస్తె మా దిక్కుది కాదు."

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంట్లో నేను మాట్లాడేదీ వాళ్ళ మాటే. కాగితం మీద పెన్ను పెడితే మాత్రం పాఠ్యపుస్తకం తెలుగు దిగేది. మన మాట రాతకు పనికిరాదని మా తరానికి బడిలోనే నూరిపోశారు. సినిమాల్లో మన యాస మాట్లాడేవాడు దొంగో, తాగుబోతో. ఉద్యమం వచ్చి ఆ లెక్క తిరగేస్తున్న కాలమది. ఉద్యమ పాటల ధూంధాం వేదికల ముందు వేల మంది కూర్చుని మన మాటలో పాట వింటున్నారు. ఆ వారమే కూర్చుని కథంతా మన మాటలోకి మార్చాను. మళ్ళీ అదే ఊరికి పోయి చెబితే చుట్ట పెద్దమనిషే అందరికన్నా గట్టిగా ఊ కొట్టాడు. పిల్లలు టీకాకు వచ్చారు. డైరీలో ఎర్ర సిరాతో ఒక వాక్యం రాసి కింద రెండు గీతలు గీశాను: అంతా భాషలోనే ఉంది.

ఆ రెండు గీతలే నన్ను ముంచాయి.

నర్మెట్టకు అవతల గుట్టల వెనక ఒక తండా. అక్కడి ఏఎన్ఎం సిస్టరు కూడా లంబాడా కుటుంబం నుంచి వచ్చినదే. మహబూబాబాద్ దగ్గర తండాలో పుట్టి, చిన్నప్పుడే హాస్టల్లో చేరి చదువుకుంది. ఆ తండాలో సగం మంది పిల్లల్ని పురిట్లో ఎత్తుకున్నది ఆమే. పోలియో చుక్కలకు వాళ్ళు వస్తారు, తట్టు టీకాకు రారు. ఎందుకు రారో సిస్టరుకూ పూర్తిగా తెలియదు. నేను పోయి కథ చెప్పాను. ఒక్క ఊ లేదు. తండాలో పెద్దవాళ్ళకు తెలుగు సంతలో బేరం మటుకే కదా అనుకున్నాను. కారణం భాష, అని రాసుకున్నాను.

మందు తెలిసిన వైద్యుడిలా మరునాడే సిస్టరును పిలిచాను. కథను వాళ్ళ భాషలోకి మార్చి నువ్వే చెప్పాలన్నాను. ఆమె బొమ్మల చార్టు ఒక్కొక్కటే తిప్పి చూసింది. చివరి బొమ్మ దగ్గర ఆగి, రాక్షసి లేకుంటే నడవదా సార్ అని అడిగింది. శత్రువు లేకుండా కథ నిలబడదమ్మా అని ఆమెకు పావుగంట పాఠం చెప్పాను. ఆమె చార్టు మడిచి చంకన పెట్టుకుంది. నేను ఆమె పైఅధికారిని.

రెండోసారి చెప్పినప్పుడు తండా ఆడవాళ్ళు మొదట్లో శ్రద్ధగానే విన్నారు. సొంత భాష చెవిన పడగానే ముందుకు జరిగారు. రెండు మూడు ఊలు కూడా పడ్డాయి. నేను పక్కన నిలబడి లెక్కపెట్టుకుంటున్నాను. రాక్షసి పొలిమేర దాటింది. ఊలు ఆగిపోయాయి. చీపుర్ల దగ్గరికి వచ్చేసరికి ముందు వరుసలోని ముసలమ్మ లేచింది. చేతుల నిండా తెల్లటి గాజులు, అద్దాల రవిక, తండా పెద్దకు తల్లి. ఒళ్ళో పిల్లను చంకనెత్తుకుని వెళ్ళిపోయింది. ఆమె వెనక ఒకరు, వాళ్ళ వెనక ఇద్దరు. కాసేపట్లో నేనూ, సిస్టరూ, చార్టూ మిగిలాం. మొదటిసారి సగమే అర్థమై ఊరుకున్నారు. ఈసారి పూర్తిగా అర్థమై లేచిపోయారు.

తిరిగి వస్తుంటే జీపు డ్రైవరు అన్నాడు. "సార్, రాక్షసి తరుముడేమో గని, మనల్నైతే తరిమిన్రు."

ఆ వారంలోనే గుట్ట అవతలి తండాలో ఇద్దరు పిల్లలకు తట్టు పోసిందని కబురు వచ్చింది. మా డాక్టరుగారు మనిషి కొత్త, మాట తక్కువ. నన్ను పిలిచి, టీకా వేశాక అది ఒంటికి పట్టడానికి కూడా కొన్నాళ్ళు కావాలండీ, ఆలస్యమైతే వేసీ లాభం ఉండదు అన్నారు. ఆ రెండు తండాల పిల్లలూ ఒకే గుట్ట మీద మేకలు మేపుతారు. ఒకే బడికి పోతారు. ఇటువైపు తండాలో టీకా పడ్డ పిల్లలు వేళ్ళ మీద లెక్కపెట్టేటంత మందే.

ఆ సాయంత్రం డైరీ వెనక్కి తిప్పాను. సిస్టరుతో మాట్లాడిన రోజు నా చేతిరాతలోనే ఉంది: "సిస్టరు ప్రశ్న: రాక్షసి లేకుంటే నడవదా? జవాబు: నడవదు." అడిగినదాన్ని తేదీతో సహా అందంగా రాసుకున్నాను. వినలేదు అంతే. రాసుకోవడం వినడం అనుకునే నాబోటి వాళ్ళు మన శాఖలో ఎక్కువ. మీరు ఆ జాబితాలో చేరకండి.

మరునాడు సిస్టరును అడిగాను, ఆ రోజు నువ్వేం చెప్పబోయావమ్మా అని. ఆమె టీకాల రిజిస్టరు సర్దుతూ చెప్పింది.

"మా అమ్మ తట్టును తల్లి అంటది సార్. నాకు హాస్టల్ల సగం మర్చిపోయినట్లయింది. బొమ్మ సూస్తె మనసుల ఏదో కలుక్కుమన్నది. గంతే."

అప్పుడు నాకు మా అమ్మ గుర్తుకొచ్చింది. నాకు ఆరేళ్ళప్పుడు తట్టు పోస్తే గుమ్మానికి వేపమండలు కట్టింది. నా మంచం కింద కూడా వేపాకు పరిచింది. ఇంట్లో తాలింపు వేయలేదు. గట్టిగా మాట్లాడితే నాన్నను కూడా కసిరింది, తల్లి ఇంట్ల ఉన్నది అని. ఇదంతా జనగామ బజారులోనే, మా ఇంట్లోనే. నలభై ఏళ్ళలో మా వీధి దాన్ని మరిచిపోయింది, నేనూ మరిచిపోయాను. మరిచిపోయినవాడు రాసిన కథ మరిచిపోయినవాళ్ళకు నచ్చింది.

ఇద్దరం చార్టు లేకుండా ముసలమ్మ ఇంటికి పోయాం. వాకిట్లో నులక మంచం వేసింది గాని నా వైపు చూడలేదు. సిస్టరు ఆమెను యాడీ అని పిలిచింది, వాళ్ళ భాషలో అమ్మా అని. నేను కథ తప్పుగా చెప్పాననీ, తప్పేమిటో మీరే చెప్పాలనీ అన్నాను. అప్పుడామె నావైపు తిరిగింది.

"మీ ఇంటికి మీ తల్లి ఒస్తె చీపురుతోని కొడ్తవా సారూ?"

"కొట్టను అవ్వా."

"మరి మా తల్లిని ఎందుకు కొట్టించినవు? పిల్లల ముంగట. బొమ్మ గీసి మరీ."

ఆమె అక్కడితో ఆగలేదు. గుట్టవతల తల్లి తిరుగుతున్నదని తండాలో అందరికీ తెలుసనీ, ఇప్పుడు ఈ తిట్లు విని ఆమె ఇటే వస్తే ఎవరిని అడగాలనీ నిలదీసింది. నేను ఏ భయం పోగొట్టాలని పోయానో ఆ భయాన్నే రెండింతలు చేసి వచ్చానన్నమాట.

సిస్టరు మెల్లగా వచ్చే పండుగ సంగతి తీసింది. వానాకాలం మొదట్లో తండాల్లో సీత్లా పండుగ చేస్తారు. ఏడుగురు అక్కచెల్లెళ్ళ గుర్తుగా ఏడు రాళ్ళు నిలిపి, గుగ్గిళ్ళు చల్లి, పిల్లల్నీ పశువుల్నీ చల్లగా చూడమని మొక్కుతారు. ఆ తండాలో అది వచ్చే మంగళవారమే. తట్టు పోసిన తరువాత ఎందుకు చేయరని నేను అడిగాను. నిజంగా తెలియకనే అడిగాను.

ముసలమ్మ నన్ను చంటిపిల్లాణ్ణి చూసినట్టు చూసింది. "ఒచ్చినంక చేస్తె గది పండుగెట్లయితది సారూ? తల్లి రాకముందే ఎదురువోవాలె. ఒచ్చినంక సప్పుడు జెయ్యొద్దు, సూది పొడిపియ్యొద్దు, సల్లగ సాగనంపాలె."

నేనూ సిస్టరూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. రోగం రాకముందే జాగ్రత్తపడాలని చెప్పడానికి నేను పదేళ్ళుగా చార్టులు మోస్తున్నాను. ఈమె తండా ఆ మాటను ఏటా పండుగగా చేసుకుంటోంది.

అక్కడి నుంచి సిస్టరు వాళ్ళ భాషలోకి దిగింది. చాలాసేపు మాట్లాడింది. చేతి మీద వేలితో చుక్క పెట్టి చూపించింది. ముసలమ్మ మధ్యమధ్య ఏదో అడిగింది, ఒకచోట నవ్వి సిస్టరు భుజం మీద ఒక్కటిచ్చింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. చివరికి ఆమె నాతో అన్నది:

"మంగళారం రాండ్రి. కత నేను జెప్త. నువ్వు ఊ కొట్టు."

దారిలో సిస్టరును అడిగాను, ఏం చెప్పావమ్మా అని. ఉన్నది ఉన్నట్టు చెప్పాను సార్ అంది. సూదిలో ఉండేది తట్టే, బలం తీసేసి ఒక్క చుక్క ముందే ఇస్తాం, ఒళ్ళు దాన్ని గుర్తుపెట్టుకుంటుంది అని చెప్పిందట. అది పల్లెవాళ్ళకు అర్థం కాదని నేను ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పని సంగతి.

మంగళవారం పొద్దున్నే ఐస్ డబ్బాలో టీకా సీసాలు పెట్టుకుని బయల్దేరాం. ఆ రోజు బందు. నర్మెట్ట దాటక ముందే రోడ్డు మీద వంటావార్పు. మూడు రాళ్ళ పొయ్యిల మీద పెద్ద గిన్నెలు ఉడుకుతున్నాయి, అడ్డంగా ఎడ్లబండి పెట్టారు. కండువాలు వేసుకున్న యువకులు మా జీపు మీది బోర్డు చూసి ఆపేశారు. రాష్ట్రం వచ్చేదాకా సర్కారు బండి కదలదన్నారు. నేను మెడలో కార్డు తీసి, అత్యవసర సేవలు అంటూ నిబంధన చెప్పబోయాను. సిస్టరు నన్ను పక్కకు జరిపి డబ్బా దించింది.

"బండి సర్కారుదే తమ్మీ, ఉంచుకోండ్రి. డబ్బ పిల్లలది. ఎండకు మందు కరాబైతది, జర తోవ ఇయ్యిండ్రి."

వాళ్ళు వాళ్ళలో వాళ్ళు ఏదో అనుకున్నారు. తరువాత ఇద్దరు మోటారు సైకిళ్ళు తీశారు. ఒకదాని మీద సిస్టరూ డబ్బా, ఇంకోదాని మీద నేను. నన్ను ఎక్కించుకున్నతను దారంతా మన రాష్ట్రంలో మన దవాఖానలు ఎట్లుండాలో చెబుతూనే ఉన్నాడు. నేను ఊ కొడుతూనే ఉన్నాను. డ్రైవరు జీపుతో అక్కడే ఉండిపోయి వాళ్ళ పప్పన్నం తిన్నాడు. మేం తిరిగి వచ్చేసరికి నినాదాలు కూడా నేర్చేసుకున్నాడు.

తండా చివర ఏడు రాళ్ళకు పసుపు కుంకుమ పెట్టారు. పశువుల మీద గుగ్గిళ్ళు చల్లి మళ్ళించారు. పిల్లలు ఆ గుగ్గిళ్ళు ఏరుకుని తింటున్నారు. తట్టు టీకా సీసా సంగతి మీకు తెలుసు. ఒకసారి నీళ్ళ మందు కలిపితే నాలుగు గంటలే, ఆ తరువాత పారబొయ్యాలి. సీసాకు ఐదుగురు. అందుకని సిస్టరు కలపకుండా డబ్బా మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. ముసలమ్మ పూజ ముగించి వచ్చి నేల మీద కూర్చుంది, నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుంది. తండా అంతా చుట్టూ చేరింది.

ఆమె మొదలుపెట్టింది. ఒక వాక్యం చెప్పి ఆగి నావైపు చూసింది. నేను ఊ అన్నాను. ఇంకోటి చెప్పి చూసింది. ఊ అన్నాను. అర్థం కాని భాషలో ఊ ఎక్కడ కొట్టాలో ఎలా తెలుస్తుందని మీరు అడగవచ్చు. చెప్పేవాళ్ళ ముఖం చూస్తే తెలుస్తుంది. అన్నేళ్ళూ చెప్పడమే తప్ప వినని నాకు ఆ సంగతి ఆ రోజే తెలిసింది. ఒకచోట తొందరపడి ముందే కొట్టాను. ఆడవాళ్ళు పకపకా నవ్వారు. తరువాత నాతోపాటు ఒక పిల్ల ఊ అంది. దాని పక్కన వాళ్ళమ్మ. కాసేపటికి నా గొంతు నాకే వినిపించలేదు. తండా మొత్తం ఊ కొడుతోంది.

ఆమె కథ తరువాత సిస్టరు నాకు తెలుగులో చెప్పింది. ఏడుగురు అక్కచెల్లెళ్ళు దేశం తిరుగుతూ గుట్ట దగ్గరికి వచ్చారట. అందరిలో చిన్నదానికి పిల్లలంటే ఆశ, కనబడితే ముద్దు పెట్టుకోకుండా ఉండలేదు. ఆమె ముద్దు పెట్టిన చోట పొక్కు లేస్తుంది. ప్రేమ ఎక్కువైతే పిల్లలు తట్టుకోలేరు. తండా తల్లులు ఆమెకు ఎదురు పోయారట. తల్లీ, నీ ముద్దులో ఒక్క చుక్క మా పిల్లలకు ముందే అందింది, ఇదిగో చూడు అని పిల్లల కుడి చేతులు చూపించారట. ఆమె ఒక్కొక్క చెయ్యీ తడిమి చూసి, అయితే నా పిల్లలే గదా, సల్లగుండండ్రి అని నవ్వి, పక్కదారిన పోయిందట.

బలం తీసేసిన తట్టును ముందే ఒక్క చుక్క ఇవ్వడం. పుస్తకం తెరిచి సరిచూస్తే, పైఅధికారులు మెచ్చిన నా రాక్షసి కన్నా ముసలమ్మ చెప్పిన ముద్దే శాస్త్రానికి దగ్గర. ఎవరినీ తిట్టలేదు, ఎవరినీ భయపెట్టలేదు, అబద్ధమూ లేదు.

కథ ముగించి ఆమె లేచి, ఆ రోజు చంకనెత్తుకుపోయిన పిల్లనే తెచ్చింది. ఆమె మనవడి కూతురు. సిస్టరు ముందు కూర్చుని, పిల్ల రవిక చెయ్యి పైకి జరిపింది.

"కలుపు బిడ్డా," అంది. "అందరు ఒస్తున్నరు."

సిస్టరు మొదటి సీసా కలిపింది. మొదటి సీసా అయిపోయి రెండోది, మూడోది. వరుసలో తోపులాట వస్తే ముసలమ్మ కర్ర పట్టుకుని నిలబడింది. మమ్మల్ని తెచ్చిన యువకులిద్దరూ కండువాలు నడుముకు చుట్టి ఏడ్చే పిల్లల్ని ఎత్తుకున్నారు. సాయంత్రానికి డబ్బాలో ఐసు నీళ్ళు మిగిలాయి. తెచ్చిన సీసాల్లో ఒక్కటీ మిగలలేదు. పొలం పోయి రాని పిల్లల పేర్లు సిస్టరు రాసుకుంటే, వాళ్ళను తెచ్చే పూచీ నాది అంది ముసలమ్మ. గురువారం తెచ్చి చూపించింది కూడా.

ఆ వానాకాలమంతా గుట్ట అవతల తట్టు తిరిగింది. సిస్టరు వారం వారం మా తండాలో ఇల్లిల్లూ తిరిగి, రిజిస్టరు తెచ్చి నా బల్ల మీద తెరిచి పెట్టేది. తట్టు గడి ఖాళీగా ఉండేది. ఉద్యోగంలో నేను ఎన్నో కాగితాలు చూశాను. ఖాళీ గడిని అంతసేపు చూసి ఆనందించింది అప్పుడే. వానలు వెనకబట్టాక డాక్టరుగారు మీటింగులో లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నేను సిస్టరును ముందుకు పంపాను. ఆమె నన్ను చూపించింది. వెనక నుంచి డ్రైవరు, "ముసలవ్వను పిలువుండ్రి సార్" అన్నాడు. అతనన్నదే సరి.

నేను అంతటితో పూర్తిగా బాగుపడ్డానని అనుకోకండి. మరుసటి ఏడు చిట్యాలకు డిప్యుటేషన్ వేస్తే ఏడుగురు అక్కచెల్లెళ్ళ కథను సంచిలో పెట్టుకుని పోయాను. రైతులు మర్యాదగా విన్నారు. కథ మంచిగున్నది గని, టీకా వేయించుకున్న పిల్లగాడు ఏ ఊరోడు, ఎవరి కొడుకు, మాకు ఎరుకైనోడేనా అని అడిగారు. వాళ్ళకు దేవతా వద్దు, రాక్షసీ వద్దు, తెలిసినవాళ్ళ ఇంటి సంగతి కావాలి. ఈసారి రెండు వారాలు పట్టలేదు. సంచి పక్కన పెట్టి, మీ ఊళ్ళో తట్టు ఎవరింట్లో పోసిందో మీరే చెప్పండి అన్నాను. ఒకాయన మొదలుపెట్టాడు. నేను ఊ కొట్టాను.

రాష్ట్రం వచ్చిన ఏడాది ఆ తండాకు మళ్ళీ పోయాను. ముసలమ్మకు చూపు మందగించింది. నా గొంతు విని, ఊ కొట్టే సారొచ్చిండు అని లోపలికి కేకేసి చాయ పెట్టించింది. శాఖ నాకు ఇచ్చిన హోదాలన్నీ రిటైరైన రోజే ఆఫీసులో వదిలి వచ్చాను. ఆమె ఇచ్చినది మాత్రం ఇంటికి తెచ్చుకున్నాను.

ఆ మంగళవారం డైరీ పేజీ ఇప్పుడు నా ముందుంది. పైన ఊరు, కింద కూర్చున్నవారి లెక్క, అంతా పద్ధతిగానే ఉంది. మూడో వరుసలో, ఊ కొట్టినవారు అన్న చోట, మొదటి పేరు నాది.